రాజు తల దగ్గర మనిషి

కుంచె గట్టున పెట్టేసి బ్రష్షక్క గోతిలోంచి పైకి వచ్చేసింది.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రీ.

"నేనిక దిగను."

"పాము గానీ కనబడిందా?"

"పామైతే కర్ర తెచ్చుకునేదాన్ని."

పదకొండు రోజులుగా ఆమె ఆ గోతిలో పని చేస్తోంది. పాత ఎముకల మీద మట్టిని కుంచెతో దులపడం ఆమె పని. ఇరవై ఏళ్ళుగా అదే పని కాబట్టి తవ్వకాల్లో అందరికీ బ్రష్షక్క అయింది.

ఈ గోతిలో ఇద్దరున్నారు. నాలుగు వేల ఏళ్ళ నాటివాళ్ళు.

ఒకరు నిలువెత్తు మగమనిషి. నుదుటికి రాగిపట్టీ, మెడలో పూసలు, కుడిచేతి దగ్గర రాతి గద. అతన్ని రాజు అంటున్నారు.

అతని తలకు అవతల, అదే వరసలో, ఇంకో చిన్న అస్థిపంజరం. పాదాలు రాజు తలవైపు ఉన్నాయి. ఒంటి మీద ఒక్క పూస లేదు. ముఖం మట్టిగోడవైపు తిరిగి ఉంది. రెండు మణికట్లూ దగ్గరికొచ్చి ఉన్నాయి.

ఆమెని దాసిపిల్ల అంటున్నారు.

రాజుకి తోడుగా పంపడానికి ఆ పిల్లని చేతులు కట్టి చంపారని తవ్వకాల అధికారి ఆ పొద్దున ఫోన్లో ఎవరికో చెబుతుంటే బ్రష్షక్క విన్నది. సాయంత్రం నాలుగింటికి విలేఖరులు వస్తున్నారని కూడా విన్నది.

"చంపితే మాత్రం? నాలుగు వేల ఏళ్ళయింది వదినా. ఇప్పుడు కేసు పెడతావా?" అన్నాడు మేస్త్రీ.

"ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ తుడిచాను. చివరిదాకా గింజుకుందేమో అనిపిస్తోంది. చెయ్యి ఆడటం లేదు."

ఈలోగా అధికారి వచ్చాడు. చేతిలో విలేఖరులకి ఇవ్వాల్సిన రెండు పేజీల కాగితం ఉంది.

"ఫోటోలు తీయాలక్కా. నువ్వు దిగకపోతే ఎలా?"

"చంపారని రూఢిగా తెలుసా సార్?"

"రాజు పక్కన ఏమీ లేని మనిషి. ఇంకేముంటుంది?"

"పేపర్లో పడితే ఆమె ఇక దాసిపిల్లే అయిపోతుంది. తర్వాత కాదంటే ఎవరు వింటారు?"

అధికారి కాగితం మడిచాడు. మళ్ళీ విప్పాడు.

"ఎముకల డాక్టరు వస్తోంది. ఆవిణ్ణే అడుగు."

డాక్టరు పదకొండున్నరకి వచ్చింది. చెప్పులు విడిచి గోతిలో దిగింది. అరగంట సేపు ఎముకలన్నీ పరీక్షించింది. తర్వాత ఆ చిన్న పుర్రెని రెండు చేతులతో ఎత్తి వెలుతురులో తిప్పింది.

"పిల్ల అన్నదెవరు?"

"సైజు చూసి..." అన్నాడు అధికారి.

"ముసలావిడ. ఒక్క పన్ను లేదు, దవడలో పళ్ళ గుంటలు కూడా పూడిపోయాయి. ఏళ్ళ తరబడి ఎవరో తిండి మెత్తగా చేసి పెట్టారు. తుంటి విరిగి అతుక్కుంది. నెలలు మంచాన ఉండి, లేచి, ఆ తర్వాత కూడా చాలాకాలం బతికింది."

బ్రష్షక్క గట్టు మీద ముందుకు జరిగింది.

"మరి చేతులు కట్టారు కదమ్మా?"

"చేతులొక్కటే కాదక్కా. భుజాలూ మోకాళ్ళూ కూడా దగ్గరికొచ్చాయి, చూడు. గుడ్డలో బిగించి చుట్టారు. గుడ్డ మట్టిలో కలిసిపోయింది. దెబ్బ అన్నది ఎక్కడా లేదు."

"అయితే తనంతట తనే పోయిందా?"

"నాకు ముసలితనం తప్ప ఇంకేమీ కనబడటం లేదు."

బ్రష్షక్క గట్టు మీదే కూర్చుంది. ముంజేత్తో ముఖం తుడుచుకుంది. మేస్త్రీ నీళ్ళ సీసా అందించాడు.

"కేసు కొట్టేశారు వదినా. తాగు."

డాక్టరు అధికారివైపు తిరిగింది. "దాసికి ఇంత సేవ ఎవరు చేస్తారు?"

ఆమె రెండు అస్థిపంజరాల మధ్య వేలు చూపించింది.

"ఇద్దరి మధ్య ఈ మట్టికట్ట ఏమిటి?"

జానెడు వెడల్పు కట్ట అది. జవాబు బ్రష్షక్క చెప్పింది.

"నేను మోకాళ్ళు ఆనించుకోడానికి ఉంచానమ్మా. ఎముకలు తొక్కకుండా."

"అంటే దాన్ని ఎవరూ కోసి చూడలేదు."

అధికారి నాలుక కరుచుకున్నాడు. పనిలో చేరినవాళ్ళకి మొదటిరోజు ఆయనే చెప్పే పాఠం అది. ఇద్దరి మధ్య మట్టిని కోసి చూడాలి, ఎవరు ముందో ఎవరు వెనకో అక్కడే తెలుస్తుంది. రాగిపట్టీ కనబడ్డాక అది ఎవరికీ గుర్తు రాలేదు.

"దిగుతావా అక్కా?" అన్నాడు.

బ్రష్షక్క చిన్న తాపీ తీసుకుని దిగింది. కట్టని నిలువుగా చెక్కి నీళ్ళు చల్లింది. మట్టి రంగులు విడివడ్డాయి.

గొయ్యి ఒకటి కాదు, రెండు. ముసలావిడ గోతి మీద పల్చటి బూడిద పొరలున్నాయి. పొరకీ పొరకీ మధ్య జనం తొక్కిన మట్టి. ఆ పొరలన్నిటినీ చీల్చుకుంటూ రాజు గొయ్యి దిగింది.

"ఎన్ని పొరలు?" అన్నాడు అధికారి.

ఆమె వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "పంతొమ్మిది."

"పంతొమ్మిదిసార్లు వచ్చి మంట వెలిగించారు. అప్పటికి రాజు ఇంకా ఇక్కడికి రాలేదు," అన్నాడు అధికారి.

"ఇంకోటి చూడండి సార్. రాజు గొయ్యి తవ్వినవాళ్ళ కర్రపలుగు దెబ్బలు ఇటు గోడలన్నిటికీ ఉన్నాయి. ఆవిడ పాదాల దగ్గరికొచ్చేసరికి పలుగు పక్కన పెట్టేశారు. వేళ్ళతో తీశారు. నాలుగు వేళ్ళ దూరంలో ఆగారు. అక్కడ ఎవరున్నారో వాళ్ళకి తెలుసు. రాజుని కావాలనే ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టారు."

అధికారి కిందికి దిగి ఆ వేళ్ళ గుర్తుల మీద తన వేళ్ళు ఆనించాడు. తర్వాత చేతిలోని కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు.

"మీరు రేపొస్తానని చెప్పి ఉంటే నా పరువు ఈ గోతిలోనే పూడ్చాల్సి వచ్చేది," అన్నాడు డాక్టరుతో. వారం రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

నాలుగింటికి విలేఖరులు వచ్చారు. బ్రష్షక్క గోతిలోనే ఉంది. ముసలావిడ పాదాల మీద మిగిలిన మట్టిని కుంచెతో తీస్తోంది.

"రాజు తల దగ్గర ఉన్నది ఎవరండీ? దాసీయా?" అడిగారు ఒకరు.

"ఆవిడ పేరు మాకు తెలియదు," అన్నాడు అధికారి. "ఆవిడ కాళ్ళ దగ్గర చోటు దొరికాకే అతను రాజుగా పడుకున్నాడు."