పదకొండో చీటీ

షగుఫ్తా ఇంట్లో ఓవెన్ సరిగ్గా శనివారం పొద్దున్నే మొండికేసింది.

రెండుసార్లు కాల్చే బిస్కాటీ బిస్కెట్లకు పిండి కలిపి, బాదం పలుకులు వేసి, రెండు పొడుగాటి ముద్దలు చేసి అప్పటికే తట్టలో పెట్టుకుంది. సాయంత్రానికల్లా ఆ బిస్కెట్లు నందికొండలో ఉండాలి. అక్కడ లాంచీల రేవు దగ్గర కాఫీ దుకాణం పెట్టిన నవనీత, నచ్చితే వారం వారం తీసుకుంటానంది. నచ్చకపోతే హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటుంది.

ఇక దిక్కు నూరుద్దీన్ భాయ్ బేకరీ భట్టీనే.

రంజాన్ నెలలో హుజూర్‌నగర్ ఆడవాళ్లందరూ ఇంటి పిండిని అక్కడికే తెచ్చి కాల్పించుకుంటారు. గుమ్మం దగ్గర నంబరు చీటీ తీసుకుని, పేరు రాసి తట్టలో పెట్టాలి. షగుఫ్తాకు పన్నెండో నంబరు వచ్చింది.

భట్టి ముందు ఒక ముసలాయన కూర్చున్నాడు. కొత్త మొహం. పండగ నెలలో కొత్త పనివాళ్లు మామూలే కదా అనుకుని, తట్ట ఆయన చేతిలో పెట్టేసింది.

"తాతా, గిది జల్ది లోపట పెట్టు. రెండింటి బస్సుకు పోవాలె."

"నిప్పు తీసేస్తున్నరు బిడ్డా. ఇంకొక్క తట్టకే సెగ ఉన్నది. మళ్ల రేపే."

"అయితే నాదే పెట్టు. గియ్యాల కాకుంటే ఆర్డర్ పోతది. కుట్టుమిషన్ అమ్మి మొదలువెట్టిన పని."

ఆయన ఆమె మొహం వంక కాసేపు చూశాడు. తన ముందు, భట్టి నోటి దగ్గరున్న తట్టను పక్కకు జరిపి, చెక్కపారతో ఆమె తట్టను లోపలికి తోశాడు. చేయి తిరిగిన మనిషే అనిపించింది.

గంట తర్వాత వస్తే, కాలిన ముద్దలు బట్ట కప్పుకుని ఉన్నాయి. ఇమ్మంటే ముసలాయన ఇవ్వడు. ఆరాలట, వేడి మీద కోస్తే పొడైపోతాయట. ఫోన్లో చూసిన వీడియోలో వేడి మీదే కోశారు మరి. షగుఫ్తాకు అయోమయంగా ఉంది, బస్సు టైము దగ్గర పడుతోంది, ఒళ్లు మండింది.

"నా సామాను నాకియ్యకుండ ఆపనీకి నువ్వెవలు?"

ముద్దలు ఆరాక ఆయనే ఏటవాలుగా కోశాడు. ముక్కలను వేలెడు ఎడంగా నిలబెట్టి, నిప్పు లేని భట్టిలోకి మళ్లీ తోశాడు. నిప్పు లేని భట్టి ఏం కాలుస్తుంది?

"రెండోసారి నిప్పు వద్దు బిడ్డా. సెగ చాలు."

ఆమె వెళ్లి నూరుద్దీన్ భాయ్‌కి ఫిర్యాదు చేసింది. ఖర్జూరాల కోసం ఎగబడుతున్న జనం మధ్య నుంచి ఆయన తల కూడా ఎత్తలేదు.

"మీ తాతకు మీరే చెప్పుకోవాలె. నన్నంటే ఎట్ల?"

వేళాకోళమా, రోజా ఉపవాసపు చిరాకా, ఆమెకు అర్థం కాలేదు.

చివరికి ముక్కలు డబ్బాలో పోస్తే టకటకమన్నాయి. రాళ్లేమోనని భయపడింది. రోజాలో ఉంది, కొరికి చూసే వీల్లేదు. ముసలాయనతో ఒక్క మాటైనా అనకుండా డబ్బా లాక్కుని బస్సుకు పరిగెత్తింది.

నందికొండలో నవనీత ఒక ముక్కను కాఫీలో ముంచింది. విరిగి పడలేదు. కొరికింది. కళ్లు మూసుకుంది.

"ఎవలు కాల్చిన్రే గివి?"

"నేనే," అంది షగుఫ్తా. అన్నాక సిగ్గేసింది.

ఆర్డర్ ఖాయమైంది.

సోమవారం కొత్త పిండితో మళ్లీ భట్టీకి వెళ్లింది. ఈసారి ముసలాయన కోసం విడిగా ఒక పొట్లం కట్టుకుంది. క్షమాపణ ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉంది. తీరా చూస్తే భట్టి ముందు ఆయన లేడు.

"భాయ్, మీ పనాయన ఏడి? ఆ ముసలాయన?"

"నా పనాయనా? మీ ఇంటి మనిషి అనుకున్న. పొద్దంత నీ తట్ట కాడ్నే కూసున్నడు గద."

భాయ్ మూలనున్న ఒక తట్టను ఆమె ముందుకు జరిపాడు.

"గది ఇడిసిపెట్టు. శనివారం ఎవలో తట్ట మర్శిపోయిండ్రు. పిండి పులిసి వాసనొస్తాంది. ఎవలదో జర చీటీ చూడు."

షగుఫ్తా బట్ట తీసింది. ఆ రోజు ముసలాయన పక్కకు జరిపిన తట్టే అది. పచ్చి బిస్కెట్లు పగుళ్లిచ్చి వరసగా ఉన్నాయి. చీటీ మీద నంబరు పదకొండు. తన కన్నా ముందుది.

నంబరు కింద వంకర అక్షరాలతో రాసి ఉంది: "లచ్చయ్య. దవాఖానల ఉన్న నా నర్సింగమ్మకు. నోట్ల పండ్లు లేవు, జర మెత్తగ కాల్చుండ్రి."