చక్కెర టీ

ఆస్పత్రిలో ఇప్పుడు రోగుల్ని చూసేది యంత్రమే. అయినా మన పాత అలవాటు దానికీ నేర్పారు. చెడ్డ కబురు రోగికి చెప్పదు, వెంట వచ్చినవాళ్ళ చెవిలో వేస్తుంది. వెంట ఎవరూ లేని పెద్దవాళ్ళకి మా వాలంటీర్ల చెవులే దిక్కు.

ఇవాళ హైమావతిగారిని తీసుకెళ్ళాను.

"ఇక మందులు పనిచెయ్యవు. నెల రోజులు కూడా ఉండరు" అంది యంత్రం నా చెవిలో. నాకేమీ అనిపించలేదు. చాలాకాలంగా ఏమీ అనిపించడం లేదు.

"అంతా బానే ఉందట పిన్నిగారూ" అన్నాను, అందరితో అన్నట్టే.

గేటు దగ్గర టీ బండి చూసి ఆవిడ ఆగింది. "చక్కెర కాస్త ఎక్కువెయ్యి నాయనా" అంది. నేను ఆటో కోసం చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ టీ తాగలేదు. గ్లాసు పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"షుగరుందని ప్రతిసారీ గ్లాసు లాక్కునేదానివి. ఇవాళ వద్దనలేదేమ్మా?"