నాలుగో నాడు

జగన్నాథుడి ముందు కూడా నోరు పెగలలేదు కాబట్టి రాస్తున్నాను.

మళ్లీ కడుపు పండితే మా అమ్మాయి ఝిలి బతకదని డాక్టరమ్మ చెప్పింది. భూదేవి ముట్టయ్యే మూడు రోజుల రజ పండుగకు పుట్టింటికి వచ్చిన రోజే అది గర్భం రాకుండా మాత్రలు మొదలుపెట్టింది. నాలుగో నాడు అల్లుడు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మా, ఏడు రోజులు మింగితేగానీ పనిచెయ్యవు. ఆయన ఆగడు. ఇంకో మూడు రోజులు ఉంచుకోవే."

"మూడు రోజులు ముట్టున్న భూదేవే ఇవాళ స్నానం చేసి లేచింది. నీకు వారం కావాలా, మహారాణీ?" అని నవ్వి పంపేశాను.

ఫాల్గుణంలో కాన్పులో పోయింది.

ఊళ్లో ఇంటింటికీ ఆ మాత్రలిచ్చి, ఏడు రోజులు జాగ్రత్తని చెప్పే ఆరోగ్య దీదీని నేనే.

ఆ కాన్పులో దక్కిన దాని బిడ్డ ఇప్పుడు అక్షరాలు కూడబలుక్కుంటోంది. ఈ కాగితం దాచండి, దానికి చూపించకండి.