సన్నకళ్ల వల

అధికారులు తమ్ముడి సన్నకళ్ల వలను ఒడ్డున కుప్పగా పోశారు. చేపపిల్లల్ని కూడా వదలని అలాంటి వలలపై నిషేధం ఉంది.

“పిల్లల్ని కూడా ఊడ్చేస్తే రేపు సముద్రంలో ఏం మిగులుతుంది? నా తమ్ముడిదైనా సరే, తగలబెట్టాల్సిందే!” అన్నాడు అన్న. మత్స్యకారుల సంఘానికి అతనే పెద్ద. జనం చప్పట్లు కొట్టారు.

తమ్ముడు జనం వెనక నిలబడ్డ వదిన దగ్గరికి పరుగెత్తాడు. “వదినా, నువ్వైనా చెప్పు. అన్నయ్య వేసేదీ ఇలాంటి వలేగా!”

“మెల్లగా! ఒక్క వల చూపిస్తే మిగతా ఇళ్లు వెతకబోమని అధికారులు అన్నారు. నీది చూపించాను.”

“నువ్వా? అన్నయ్యకి తెలిస్తే చంపేస్తాడు!”

వదిన తల దించుకుంది. “నీది చూపించమన్నది ఆయనే.”

తమ్ముడు అన్న వైపు అడుగేయబోతే వదిన చెయ్యి పట్టుకుంది.

“గొడవ చేయకు. పిల్లలున్నవాడివి. రేపట్నుంచి మా పడవ మీదికి పనికి రమ్మన్నారు మీ అన్నయ్య.”

“మళ్లీ ఇలాంటి వల లాగడానికేనా?”



“ఒరేయ్, అగ్గిపెట్టె ఉందా?” అన్న అక్కడినుంచే కేకేశాడు. జనమంతా ఇటు తిరిగారు.

తమ్ముడు మెల్లగా నడిచి వెళ్లి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి అన్న చేతిలో పెట్టాడు.