పన్నెండో ఇల్లు

"వంకాయలకి ఇంకాస్త మట్టి పుయ్యవే, మరీ తళతళలాడుతున్నాయి" అంది తల్లి.

"వంకాయలు భూమిలో కాయవమ్మా" అంది కూతురు.

నిజమే. తల్లి గబగబా పాత గుడ్డ తెచ్చి, పూసిన మట్టంతా తుడిచింది. బుట్టలో అడుగున టౌన్ వంకాయలు, పైన టౌన్ బెండకాయలు, వాటి మీద పెరట్లో మిగిలిన నాలుగు ఆకులు పరిచింది.

గుమ్మం పక్కన టూరిస్టు కంపెనీ వాళ్లు మేకులతో కొట్టిన బోర్డు ఉంది. 'పండింది ఇక్కడే, వండింది ఇక్కడే.' కొండ మీద జలపాతం చూడ్డానికి వచ్చేవాళ్లు మధ్యాహ్నం ఈ వీధిలోని పన్నెండిళ్లలో భోజనం చేస్తారు. ఎవరి పెరట్లో పండినవి వాళ్లే వండి పెట్టాలి. కంపెనీ షరతు అదొక్కటే. కిందటేడు లోయ అవతలి ఊళ్లో ఒక ఇంట్లో టౌన్ కూరలు వండారని బయటపడింది. కంపెనీ వాళ్లు ఆ ఇంటితో ఆగలేదు, ఊరు ఊరినే జాబితాలోంచి కొట్టేశారు. ఇప్పుడు అక్కడి ఆడవాళ్లు పొద్దున్నే కూలికి లారీ ఎక్కుతున్నారు.

పది రోజుల కింద వీళ్ల పెరట్లో పురుగు పడింది. ఆకులు పోయాయి, పిందెలు పోయాయి, ఈనెలు మిగిలాయి. మీకూ పడిందా అని అడిగితే పక్కింటి వదిన బుగ్గన వేలేసుకుంది.

"పురుగా? మాకేం లేదే. ఈ వీధిలో ఎవరికీ లేదు. నీళ్లు ఎక్కువ పెట్టావేమో వదినా."

ఆ మాట విన్నప్పట్నుంచీ తల్లికి ముద్ద దిగలేదు. నిన్న తొలి బస్సుకి ముసుగు కప్పుకుని టౌన్‌కి వెళ్లింది. ఎరిగినవాళ్లు కనపడతారేమోనని పెద్ద దుకాణాల వైపు తలెత్తి కూడా చూడకుండా, సంత చివర నేల మీద కూర్చున్న ఒక ముసలమ్మ దగ్గర కొనుక్కొచ్చింది. దొంగతనం చేసి వచ్చినట్టే ఉంది ఆమెకి.

"అమ్మా, ఆయన ఇటే వస్తున్నాడు" అంది కూతురు కిటికీలోంచి చూస్తూ.

పొద్దున్నుంచీ ఆ నోటుబుక్కాయన వీధిలో ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఇంటికి ఐదు నిమిషాలు, అంతే. పక్కింటి వదిన గేటు దాకా వచ్చి మరీ సాగనంపింది.

"కంపెనీవాడే. తనిఖీకొచ్చాడు" అంది తల్లి.

"టూరిస్టేమోనమ్మా."

"టూరిస్టైతే మెడలో కెమెరా ఉండదూ? పుస్తకం పట్టుకొచ్చినవాడు మంచి కబురు తేవడం నేనెప్పుడూ చూళ్లేదు."

ఆయన గుమ్మంలో చెప్పులు విడిచాడు. "భోజనం ఉందా అమ్మా? పొద్దున్నుంచీ తిరుగుతున్నాను."

విస్తరి వేశారు. ఆయన కుదురుగా కూర్చుని తిన్నాడు. వంకాయ ముక్క ఒకటి వేళ్లతో నొక్కి చూశాడు.

"వంట బాగుందమ్మా. కాయే, కోసి మూడు రోజులైనట్టుంది."

తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. మాట కూతురు అందుకుంది. "ఎండలండి. చెట్టు మీదే వాడిపోతున్నాయి."

"వారానికి ఎంతమంది తింటారు?"

"ముప్పై మంది దాకా."

"అంతమందికి కూరగాయలు ఎన్ని కావాలి?"

"ఎన్ని కాస్తే అన్ని" అంది తల్లి.

ఆయన ఎడమ చేత్తో ఏదో రాసుకున్నాడు. చెయ్యి కడుక్కుని, పెరటి తలుపు వైపు నడిచాడు. "ఒకసారి చూడొచ్చా?"

"వద్దండి, కుక్క ఉంది. కరుస్తుంది" అంది కూతురు.

"మొరగడం వినపడలేదే."

"నిద్రపోతోందండి."

"ఈ వీధిలో కుక్కలు బాగానే ఉన్నట్టున్నాయి" అని నవ్వి, నోటుబుక్కు మూశాడు. "అమ్మా, మీతో ఒక మాట మాట్లాడాలి."

అయిపోయిందనుకుంది తల్లి. లోయ అవతలి ఊరు, ఆ లారీ, దాని వెనక అంచు పట్టుకుని వేలాడే ఆడవాళ్లు కళ్ల ముందు తిరిగారు. ఆ వరసలో పక్కింటి వదిన కూడా కనపడింది. తన వల్ల.

"మీరు అడక్కండి బాబూ, నేనే చెప్తాను" అంటూ వెళ్లి పెరటి తలుపు బార్లా తీసింది.

"అమ్మా, ఊరుకో" అంది కూతురు.

"నువ్వుండవే. రండి, చూడండి. కుక్కా లేదు, కూరా లేదు. ఇందాక మీరు తిన్నది టౌన్‌లో కొన్నది. నిన్న ఒక్కసారే కొన్నాను. ఒక్కసారైనా తప్పు తప్పే. ఆ బోర్డు పీక్కెళ్లండి, కాదనను. కానీ ఊరి పేరు మాత్రం కొట్టెయ్యకండి. మిగతా పదకొండిళ్ల వాళ్లూ పొద్దస్తమానం మట్టిలో పని చేసుకు బతికేవాళ్లు. ఇంత మోసం చేసింది నేనొక్కదాన్నే. నా పాపానికి వాళ్ల పొట్ట కొట్టకండి."

ఆయన ఎండిన మడుల వైపు చూశాడు. ఆమె కళ్లొత్తుకుంటుంటే, నోటుబుక్కు ఏ చేతిలో పెట్టుకోవాలో తెలియనట్టు రెండుసార్లు మార్చుకున్నాడు. చివరికి తలుపు దగ్గరగా వేసి, పక్కింటికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఈ వీధిలో నా కొట్టు నుంచి కూరగాయలు తెప్పించుకోని ఇల్లు మీదొక్కటేనమ్మా."