పదమూడో నెంబరు రాయి

“వీటికి లారీ, మాకు కాళ్లా?” అంటూ దేవమ్మ లారీకి అడ్డం నిలబడింది. చేతిలో సున్నం ముంత అట్లాగే ఉంది.

ఏటికి ఆనకట్ట లేస్తోంది, గట్టుపాలెం మునుగుతుంది, సర్దుకోండి అని తలారి చాటింపు వేసి నెల కాలేదు. జనం మూటలు నెత్తిన పెట్టుకుని, మేకల్ని తోలుకుంటూ మాచర్ల దారి పట్టారు. ఊరి చివర పడి ఉన్న వీరుల రాళ్లకు మాత్రం పట్నం నుంచి లారీ వచ్చింది. మొత్తం పదమూడు రాళ్లు. ఎప్పుడో పలనాటి పోట్లాటల్లో పోయినవాళ్ల బొమ్మలట. కొత్త రోడ్డు పక్కన వరసగా నిలబెట్టి బోర్డులు రాయిస్తారట. ఒకదానికొకటి ఒరుసుకోకుండా లారీలో జొన్నచొప్ప కూడా మెత్తగా పరిచారు. మొన్న కాన్పయిన హజ్రా బీ కోడలికి ఆపాటి పరుపు దొరకలేదు. పసిగుడ్డును ఒళ్లో కట్టుకుని నడిచే పోయింది పిచ్చితల్లి.

“పక్కకి జరగమ్మా,” అన్నాడు పాత రాళ్ల ఆఫీసరు సుబ్బారావు. “సున్నం ఇచ్చావుగా, ఇంకా ఏం పని?”

రాళ్ల మీద నెంబర్లు వేయడానికి సున్నం ఆమె దగ్గరే తీసుకున్నారు. ఇళ్లకు వెల్ల వేసి బతికే మనిషి మరి.

“మా ఆయన రాయి గూడా ఎక్కించండయ్యా. అదిగో, ఆ సమాధుల దొడ్లో ఉంది. ఒక్కటే రాయి.”

“ఎవరు మీ ఆయన?”

“ఈ ఆనకట్టకే రాయి కొడతా, బండకు పెట్టిన తూటా పేలి పోయాడు. మూడేళ్లయింది. ఇప్పుడు ఆ నీళ్లే ఆయన మీదికొస్తన్నయ్యి.”

సుబ్బారావు చేతి గడియారం చూసుకున్నాడు. “పేరు?”

ఇరవై రెండేళ్ల కాపరంలోనూ, ఆయన పోయిన ఈ మూడేళ్లలోనూ ఆ పేరు దేవమ్మ నోటి వెంట వచ్చి ఎరగదు. ప్రార్థనలో కూడా ‘పిల్లల నాయన’ అనేది. దేవుడికి తెలియదా ఏం, ఎవరి సంగతో.

“మొగుడి పేరు ఎట్టా చెప్పేదయ్యా? అడుగో, మా మరిది, ఆణ్ణి అడగండి.”

లారీ మీద రాళ్లు సర్దుతున్న కూలీల్లోనే ఉన్నాడు మరిది మరియదాసు. సుబ్బారావు అటు చూడనైనా లేదు.

“రాయి మీద రాసి లేదా?”

“రాత మాకెవరికొచ్చు? మా మరిది బొమ్మ చెక్కాడు. కర్ర సిలవ పెడితే చెదలు తిన్నయ్యి. ఒక్కసారొచ్చి చూడండయ్యా, నాలుగడుగులు.”

“చూడమ్మా, ఇవి ఎనిమిది వందల ఏళ్ల నాటి రాళ్లు. వీటికి చరిత్ర ఉంది. పేరు కూడా లేని రాళ్లన్నీ మోసుకుపోవడానికి కాదు లారీ వచ్చింది.”

“ఈ పదమూడు మంది పేర్లు తెలుసా తమకి?”

పక్కనున్న గుమాస్తా రాఘవయ్య వచ్చిన నవ్వును దగ్గు కింద మార్చుకున్నాడు. సుబ్బారావు మొహం కందగడ్డ అయింది. కూలీల వైపు తిరిగి కేకేశాడు.

“నెంబరున్న రాయి ఒక్కటి వదిలారంటే ఊరుకోను. నెంబరు లేనిదాన్ని ముట్టుకున్నా ఊరుకోను. మిగతావన్నీ రేపు రెండో ట్రిప్పులో రావాలి.” జీపెక్కి పోయాడు.

మరియదాసు లారీ దిగొచ్చాడు. “పా వదినా. కాళ్లు పట్టుకున్నా ఆయన వినడు.”

“కాళ్లెందుకురా పట్టుకునేది? నాలుగడుగులు ఎయ్యలేని కాళ్లు,” అని దేవమ్మ సున్నం ముంతతో, కిందే మిగిలిన చివరి రాయి మీది నెంబరును తేరిపార చూసుకుని, సమాధుల దొడ్డి వైపు విసవిసా నడిచింది.

నాలుగు నెలలకు కొత్త రోడ్డు పక్కన షామియానా లేచింది. రాళ్లన్నిటికీ సిమెంటు దిమ్మెలు, ముందు బోర్డులు. ముంపు ఊళ్ల జనాన్ని తెచ్చి ఎండలో కూర్చోబెట్టారు. సుబ్బారావు మైకు పట్టుకుని ఒక్కో రాయి దగ్గరా ఆగుతూ, వరస చివరికి వచ్చాడు.

“ఈ పద్నాలుగోది నేను స్వయంగా కనిపెట్టింది. మా గుమాస్తా పదమూడో నెంబరును రెండు రాళ్లకు వేసి, జాబితాలో ఒక్కటే ఎక్కించాడు. నేను చూడకపోతే ఈ మహావీరుడు ఏమైపోయేవాడు?”

రాఘవయ్య నేల చూపులు చూశాడు.

“కత్తి ఎత్తిన ఆ తీరు చూడండి. ఎనిమిది వందల ఏళ్లయినా నిన్న చెక్కినట్టుంది. ఇప్పటి రాతిపనివాళ్లకు ఆ చెయ్యి ఎక్కడిది?”

మరియదాసు తన చేతులు తిప్పి చూసుకున్నాడు. నోరు తెరవబోతే దేవమ్మ తొడ మీద గిల్లింది. ఏమన్నా అననీ, రాయి మునగలేదు, అంతే చాలు అనుకుంది ఆమె.

సుబ్బారావు బోర్డు చదివాడు. “పేరు తెలియని వీరుడు. ఇంతటివాడికి ఆలుబిడ్డలున్నారో లేదో. పేరు చెప్పుకునే దిక్కు కూడా లేకుండా పోయాడు, పాపం.”

ఆ మాటకు దేవమ్మ గిల్లడం ఆపేసింది. లేచి నిలబడింది.

“ఆ చేతిలోది కత్తి కాదయ్యా, సుత్తి.”

జనం గొల్లున నవ్వారు. సుబ్బారావు ఆమెను గుర్తుపట్టను కూడా లేదు. “ఎవరమ్మా నువ్వు? ఎనిమిది వందల ఏళ్ల నాటి మనిషి సంగతి నీకెట్లా తెలుసు?”

దేవమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. “ఇరవై రెండేళ్లు కాపరం చేశా గాబట్టి తెలుసు,” అంది. “రాసుకోండి. ఇశ్రాయేలు.”