జర దించు

దమ్మపేట దాటాక అడవి అంచున కోటేష్ ఇల్లు. పాత కారుకు ఎల్‌ఈడీ లైట్లు తానే బిగించి, చీకటి పడ్డాక బానెట్ ఎత్తి నిలబడ్డాడు. భార్య సువర్ణ లోపల కూర్చుని స్విచ్ వేసింది.

"కండ్లల్ల కొడ్తుంది బిడ్డా, జర దించు," అంది చెట్లవైపు నుంచి ఓ ముసలి గొంతు.

మనిషి కనిపించలేదు. కోటేష్ లైటు వెనక స్క్రూ తిప్పాడు. వెలుగు చెట్ల మొదళ్లకు దిగింది.

"ఇంకా కండ్లల్లనే కొడ్తుంది." ఈసారి గొంతు దగ్గరగా వినిపించింది.

మళ్లీ తిప్పాడు. స్క్రూ ఇక కదల్లేదు. వెలుగంతా బంపర్ ముందు ఖాళీ మట్టి మీదే పడుతోంది.

"బందు చెయ్యమంటవా?" సువర్ణ లోపల నుంచి అడిగింది.

"వద్దు! చీకటైతది!"

"చెయ్యమను బిడ్డా," అంది ఆ గొంతు, అతని పాదాల దగ్గర నుంచి.